మెస్సు వెనక ఒక బుట్ట కావాలి



పోయిన సంచికలో క్రమశిక్షణ గురించి, అంతకుముందు సంచికలో చెట్ల పెంపకం గురించి మన టెన్త్ అక్కలు చక్కగా రాశారు. నేను ఆట గురించి రాస్తున్నాను. ఆట కోసం గోడపత్రికలో ఇంత జాగా ఎందుకు, దండగ అనుకునేవాళ్ళు పక్కనున్న పొడుపుకథలు చదువుకోండి, నాకేం కోపం లేదు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మన మెస్సు వెనక, నీళ్ళ ట్యాంకుకీ పనస చెట్టుకీ మధ్య ఖాళీగా పడి ఉన్న జాగాలో డిస్క్ గోల్ఫ్ బుట్ట ఒకటి మనమే తయారుచేసి పాతుకోవాలి. కొనక్కర్లేదు. బడ్జెట్ వచ్చేవరకు ఆగక్కర్లేదు. కావలసిన సామానులో ముప్పాతిక వంతు మన ఆవరణలోనే తుప్పు పట్టిపోతూ ఉన్నది.

డిస్క్ గోల్ఫ్ అంటే ఏమిటే అని ఇప్పటికే నన్ను పదిమంది అడిగారు. లైబ్రరీలో బొమ్మలున్న ఆటల పుస్తకంలో మొదట చూశాను, తర్వాత కంప్యూటర్ మేడమ్ దగ్గర కూర్చుని మిగతాది తెలుసుకున్నాను. పళ్ళెం లాంటి ప్లాస్టిక్ బిళ్ళని విసరాలి. దూరంగా ఒక స్తంభం ఉంటుంది. దానికి పైన గుండ్రంగా గొలుసులు వేలాడుతుంటాయి, కింద బుట్ట ఉంటుంది. బిళ్ళ గొలుసులకు తగిలి బుట్టలో పడాలి. పడకపోతే అది ఎక్కడ పడిందో అక్కడి నుంచే మళ్ళీ విసరాలి. ఎన్ని విసుర్లకు బుట్టలో పడిందన్నదే లెక్క, తక్కువ విసుర్లలో వేసినవాళ్ళు గెలిచినట్టు. అంతే. జట్టు లేదు, అవుట్ లేదు, తోపులాట అసలే లేదు.

ఇది అమెరికా వాళ్ళ ఆట. పుట్టుక మాత్రం వంటింటిదే. ఆ దేశంలో కనెక్టికట్ రాష్ట్రంలోని బ్రిడ్జ్‌పోర్ట్ ఊళ్ళో ఫ్రిస్బీ అనే పేరుతో ఒక బేకరీ కంపెనీ ఉండేది. వాళ్ళ తీపి రొట్టెలు తినేశాక మిగిలిన రేకు పళ్ళేలను కాలేజీ పిల్లలు ఒకరికొకరు విసురుకునేవారట. వాల్టర్ ఫ్రెడరిక్ మోరిసన్ అనే ఆయన 1937లో ఒక డబ్బా మూతతో ఆడటం మొదలుపెట్టి, తర్వాత కాలిఫోర్నియా సముద్రం ఒడ్డున 5 సెంట్ల కేకు పళ్ళెం 25 సెంట్లకు అమ్మాడు. 1955లో ప్లాస్టిక్‌ది చేశాడు. 1957 నుంచి వామ్-ఓ కంపెనీ దాన్ని అమ్మింది. అదే కంపెనీలో పనిచేసిన ఎడ్ హెడ్రిక్ ఆ బిళ్ళ తిన్నగా ఎగిరేలా మార్పులు చేసి 1967లో పేటెంట్ తీసుకున్నాడు. (పళ్ళేలు విసిరితే మనల్ని మాత్రం లైన్లో నిలబెడతారు. సరే, అది వేరే విషయం.)

ఇక బుట్ట సంగతి. మొదట్లో వాళ్ళకి బుట్టలు లేవు. చెట్టు, దీపస్తంభం, చెత్తడబ్బా, ఏది కనబడితే దానికి గురిపెట్టి కొట్టేవారు. 1975లో కాలిఫోర్నియాలోని ఓక్ గ్రోవ్ అనే పార్కులో హెడ్రిక్ మొదటి శాశ్వత మైదానం వేసినప్పుడు కూడా ఉత్త గుంజలే పాతాడు. కానీ గుంజతో వచ్చే చిక్కు మనకు తెలియనిదా? తగిలిందని ఒకరు, తగల్లేదని ఒకరు. మన కోకో ఆటలో గుంజ ముట్టుకుందా లేదా అని మొన్న జరిగిన రభస అందరూ చూశారు. గొలుసులూ బుట్టా ఉన్న స్తంభానికి ఆయనకి 1977లో పేటెంట్ వచ్చింది. బిళ్ళ బుట్టలో ఉందంటే ఉంది, లేదంటే లేదు, రిఫరీ అక్కర్లేదు. ఆయన 2002లో చనిపోయారు. తన చితాభస్మాన్ని ప్లాస్టిక్‌లో కలిపి బిళ్ళలుగా పోయమని కోరుకున్నారట, అలాగే చేశారట. ఇది చెప్తే మా రూమ్‌మేట్ రాత్రి లైటు తీయనివ్వలేదు.

ఇప్పుడు అసలు మాట. మనకి ఇది ఎందుకు?

సాయంత్రం నాలుగున్నర నుంచి ఆరు వరకు గేమ్స్ అవర్. వాలీబాల్ కోర్టులో పన్నెండుమంది. కోకోలో రెండు జట్లు. టెన్నికాయిట్ రింగులు రెండే ఉన్నాయి, అవి జోనల్స్‌కి ప్రాక్టీసు చేసే అక్కల దగ్గర ఉంటాయి, ఉండాలి కూడా. మరి మిగతావాళ్ళు? నేను మూడు రోజులు గమనించాను. ఎయిత్, నైన్త్ వాళ్ళం కోర్టు చుట్టూ నిలబడి అరుస్తాము, బంతి బయటకి పోతే తెచ్చిస్తాము. ఫిఫ్త్, సిక్స్త్ పిల్లలు కొంతమంది అది కూడా చెయ్యరు. వాళ్ళు వెళ్ళి గేటు కమ్మీలు పట్టుకుని నిలబడతారు. బస్సు పోయేదాకా చూస్తారు, పోయాక ఘాట్ రోడ్డు వైపు చూస్తారు. దసరా సెలవులకి, సంక్రాంతి సెలవులకి ఇంటికి వెళ్ళి తిరిగి రానివాళ్ళు ఎక్కువ ఆ గేటు దగ్గర నిలబడినవాళ్ళలోనే ఉంటారు. కావలిస్తే మేడమ్ గారు రిజిస్టరు చూడవచ్చు. మంచం ఖాళీ అయ్యాక టీచర్లు ఊరికి వెళ్ళి తల్లిదండ్రుల్ని బతిమాలుతారు. సాయంత్రం ఆ గంటన్నర ఆ పిల్ల చేతికి పని ఏదైనా ఉండుంటే అని నాకనిపిస్తుంది.

ఒక ఆట పెడితే ఇంటిమీద బెంగ తీరిపోతుందా అని మీరు నవ్వవచ్చు. తీరదు. నాకు నైన్త్‌లో కూడా తీరలేదు. కానీ ఊరకే నిలబడిన పిల్లకి బెంగ ఎక్కువ, చేతిలో ఏదో ఒకటి ఉన్న పిల్లకి తక్కువ. ఇది నేను పుస్తకంలో చదివింది కాదు.

మనం ప్రతి సంచికలోనూ మలావత్ పూర్ణ గురించి రాస్తాం. 2014 మే 25న, 13 ఏళ్ళకే, గురుకులం పిల్ల ఎవరెస్టు ఎక్కింది. చదివినప్పుడల్లా ఒళ్ళు పులకరిస్తుంది. అయితే మన ఆటలన్నీ సెలక్షన్ కోసమే అయిపోయాయి. ఎత్తున్నవాళ్ళు, పరుగు ఉన్నవాళ్ళు సెలక్ట్ అవుతారు. వాళ్ళకి షూలు, ట్రాక్ సూట్లు వస్తాయి, రానివ్వండి. సెలక్ట్ కానివాళ్ళు కూడా ఆడాలి కదా! ఈ బుట్టాట దగ్గర ఫిఫ్త్ పిల్ల, టెన్త్ అక్క పక్కపక్కన నిలబడి ఆడొచ్చు. పిల్లని పది అడుగులు ముందుకి జరిపితే సరిపోతుంది. ఒక్కదానివే ఉన్నా ఆడుకోవచ్చు.

తయారీ చెప్తాను. మీకు విసుగు అనిపించినా ఇదే ముఖ్యం.

నడుమ గుంజకి రెండు మీటర్ల ఇనుప పైపు చాలు. పాత చేతిపంపు తీసేసినప్పటి పైపు ముక్కలు జనరేటర్ షెడ్డు వెనక ఉన్నాయి. 60 సెంటీమీటర్లు భూమిలో పాతి చుట్టూ రాళ్ళు దట్టించాలి. పైన 140 మిగులుతుంది. పైరింగుకి సైకిలు రిమ్ము. వాచ్‌మెన్ బాబాయ్ పాత సైకిలు రిమ్ము ఇస్తానన్నారు, టేపుతో కొలిచాను, అడ్డం 64 సెంటీమీటర్లు వచ్చింది. స్పోకులు తియ్యకూడదు, అవి ఉంటేనే రిమ్ము నడిమి హబ్బుతో పైపుకి బిగించడం వీలవుతుంది. భూమి నుంచి 130 ఎత్తులో బిగించాలి.

కింద బుట్ట. పోటీల్లో వాడే బుట్ట అంచు భూమికి 82 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటుంది, 6 అటూ ఇటూ పర్వాలేదు. మనం కూడా అంతే పెట్టుకుందాం. బుట్ట మాత్రం బజారులో కొంటే నేను ఒప్పుకోను. మన ఇళ్ళల్లో వెదురు గంప అల్లడం రానివాళ్ళు ఎంతమంది? పై రిమ్ము కంటే నాలుగు వేళ్ళు వెడల్పుగా, జానెడు లోతుగా అల్లాలి, అడుగున పైపు దూరేంత కన్నం వదలాలి. గంప కిందకి జారకుండా పైపుకి అడ్డంగా రెండు కర్రలు కట్టాలి. ఆదివారం చూడటానికి వచ్చే అమ్మానాన్నల్లో ఎవరైనా మొదలుపెట్టిచ్చినా చాలు, మిగతాది మనం పూర్తిచేస్తాం.

గొలుసుల దగ్గర ఆలోచించాలి. గొలుసులెందుకు, రేకు పెడితే సరిపోదా అని మా క్లాసులో ఒకమ్మాయి అడిగింది. మంచి ప్రశ్నే. రేకుకో చెక్కకో తగిలితే బిళ్ళ వెనక్కి ఎగిరిపోతుంది. గొలుసు ఊగుతుంది. బిళ్ళకున్న వేగమంతా ఆ ఊగడంలో, లింకులు ఒకదానికొకటి రాసుకోవడంలో ఖర్చయిపోయి, బిళ్ళ చచ్చినట్టు కింద పడుతుంది. ఫిజిక్స్ సార్ చెప్పిన గతిశక్తి ఇదే. సైకిలు చైను వాడదామని కూడా అన్నారు. వద్దు. సైకిలు చైను ఒకవైపుకే వంగుతుంది, పక్కకి బిగుసుకుంటుంది, పైగా గ్రీజు. సైకిలు ట్యూబు పీలికలైతే మరీ తేలిక, గట్టిగా విసిరిన బిళ్ళ వాటిని తోసుకుని అవతలికి దూరిపోతుంది. గొడ్లని కట్టే సన్న ఇనప గొలుసే మంచిది, అన్నివైపులా వంగుతుంది, బరువూ ఉంటుంది.

ఎంత కావాలి? రిమ్ము అంచు నుంచి పైపు వరకు 32 సెంటీమీటర్లు. గొలుసులు 45 సెంటీమీటర్లు కిందకి దిగి, అక్కడ పైపు చుట్టూ ఉన్న చిన్న రింగులో కలవాలి. గరాటు లాగా అన్నమాట, అప్పుడే పడిన బిళ్ళ గంప లోపల పడుతుంది, బయటకి పోదు. పైథాగరస్ వేస్తే కర్ణం 55. కాస్త వదులుగా ఊగడానికి 5 కలిపి 60. అలాంటివి 12 ముక్కలంటే 7 మీటర్ల 20 సెంటీమీటర్లు. మ్యాథ్స్ మేడమ్, ఇది చదివి మీరు సంతోషిస్తారని నా ఆశ. మనం కొనాల్సింది ఈ గొలుసు ఒక్కటే. సంతలో దొరుకుతుంది.

బిళ్ళలకి స్టీలు పళ్ళేలు మాత్రం వద్దే వద్దు. అంచు తగిలితే నుదురు చీలుతుంది, మెస్సులో అన్నం దేంట్లో తింటాం? గోడలకు సున్నం, రంగులు వేసినప్పటి 20 లీటర్ల బకెట్ల మూతలు నాలుగు స్టోర్ రూమ్‌లో ఉన్నాయి. వంటగది త్రాసులో తూచాము, ఒక్కొక్కటి 200 గ్రాముల లోపే. పోటీల్లో కూడా 200 గ్రాములు దాటకూడదనే నియమం ఉంది. మూతకి అంచు మందంగా ఉంటుంది కాబట్టి తిరుగుడు నిలుస్తుంది. తిరుగుడు లేకపోతే అది ఎగరదు, ఆకులాగా తొట్రుపడి పడిపోతుంది. చేతి బలం కాదు, మణికట్టు ముఖ్యం. టెన్నికాయిట్ రింగు విసిరే అలవాటు మనకి ఎటూ ఉంది. ఒకటి గుర్తుపెట్టుకోండి. కుడిచేత్తో ఎడమ నుంచి విసిరితే, వేగం తగ్గాక చివర్లో బిళ్ళ ఎడమవైపుకి వంగుతుంది. అది గాలి తప్పు కాదు, అందుకని బుట్టకి కాస్త కుడివైపు చూసి విసరాలి.

మైదానం చాలదని అనకండి. వాళ్ళకి 18 బుట్టలుంటాయి, మనకి ఒక్క బుట్ట, తొమ్మిది చోట్లు. పనస చెట్టు కింద ఒకటి, ట్యాంకు మూల ఒకటి, బట్టలారేసే తీగ దగ్గర ఒకటి, ఇలా సున్నంతో అంకెలు వేసుకుంటే ఒక్కో చోటు నుంచి ఒక్కో రకంగా ఉంటుంది.

ఇక అభ్యంతరాలు. పరాయి దేశం ఆట మనకెందుకు, గురి అంటే మనది విల్లంబు కదా అని టెన్త్ అక్క ఒకరు గట్టిగానే అన్నారు. ఆ మాటకి నేను గౌరవమిస్తాను. భూమి పండగకి మా తాత విల్లు తీస్తే నేను ఇప్పటికీ పక్కన కూర్చుంటాను. రాజస్థాన్‌లో గిరిజన కుటుంబంలో పుట్టిన లింబా రామ్ మన దేశం తరఫున ఒలింపిక్స్‌లో విల్లు పట్టారు, 2012లో పద్మశ్రీ అందుకున్నారు. మన బడికి విలువిద్య రావాలని నేనూ కోరుకుంటాను. కానీ బాణానికి పెద్దవాళ్ళు పక్కన నిలబడాలి, వెనక ఎవరూ ఉండకూడదు. ఫిఫ్త్ పిల్లల చేతికి బాణమిచ్చి మెస్సు వెనక వదిలేస్తామా? ఇక పరాయిదంటారా, మన వాలీబాల్ ఎక్కడిది? 1895లో అమెరికాలో విలియం మోర్గాన్ కనిపెట్టినదే. బాస్కెట్‌బాల్ 1891 డిసెంబరులో జేమ్స్ నైస్మిత్ పుట్టించాడు. ఆయన పెట్టెలు అడిగితే అవి లేక పీచ్ పళ్ళ బుట్టలు తెచ్చిచ్చారు, వాటినే బాల్కనీకి కొట్టారు. ఆ బాల్కనీ 10 అడుగుల ఎత్తున ఉంది కాబట్టి ఈరోజుకీ రింగు ఎత్తు 10 అడుగులే. బుట్టకి అడుగు ఉండటంతో బంతి పడ్డప్పుడల్లా నిచ్చెనెక్కి తీసేవారట. పళ్ళ బుట్టతో ఆట మొదలైనప్పుడు వెదురు గంపతో ఎందుకు కాదు?

రెండో అభ్యంతరం మెస్సు అక్కలది. కిటికీలు పగుల్తాయని వాళ్ళ భయం. న్యాయమే. అందుకే గుంజ కాంపౌండ్ గోడ వైపు పాతి, విసిరేవాళ్ళు మెస్సుకి వీపు పెట్టి నిలబడేలా గీతలు గీయాలంటున్నాను. బుట్ట వెనక ఎవరైనా నడుస్తుంటే విసరకూడదు. రోజుకి ఇద్దరు నైన్త్ వాళ్ళం డ్యూటీ ఉంటాం, వంట డ్యూటీ లాగానే.

మూడోది మా వాళ్ళలోనే ఒకరిది. "నాలుగు రోజులు ఆడి వదిలేస్తారు" అని. వదిలేస్తే గొలుసు విప్పి ఎవరి గొడ్డుకైనా కట్టుకోవచ్చు, గంపలో ఉల్లిపాయలు పోసుకోవచ్చు, రిమ్ము బాబాయ్‌కి తిరిగి ఇచ్చేయవచ్చు. నష్టం ఏముందో నాకైతే కనబడలేదు.

వార్డెన్ మేడమ్ గారికి మనవి. పైపు, రిమ్ము, మూతలు ఉన్నాయి. గంప అల్లడానికి సెవెన్త్ వాళ్ళు ముగ్గురు పేర్లిచ్చారు. కావలసింది గుంట తవ్వడానికి అనుమతి, సంతకి వెళ్ళే వ్యాన్‌లో గొలుసు తెప్పించడం. ఈ కాగితం అడుగున నాలుగు గీతలు ఖాళీ వదిలాను, మీ జవాబు అక్కడే రాస్తే అందరం చదువుకుంటాం.

ఇట్లు
9వ తరగతి విద్యార్థిని, 'బి' సెక్షన్