మందల దారికీ హద్దురాళ్లు

బస్సులో వచ్చేవాళ్లకు అల్బరాసిన్ రెండు గంటల ఊరు. కోట కింద దిగుతారు. ఆయాసపడుతూ మెట్ల సందులు ఎక్కుతారు. నడిబొడ్డు చౌకులో కాఫీ తాగి, ఒకదాని మీదికి ఒకటి వాలినట్టుండే ఎర్రటి ఇళ్ల ముందు ఫొటోలు దిగి, ఊరగాయలా నిల్వ చేసిన పంది తొడ మాంసం పొట్లం కొనుక్కుని, పొద్దు వాలకముందే బస్సెక్కేస్తారు. స్పెయిన్‌లో అందమైన ఊళ్ల జాబితా ఎవరు వేసినా దీని పేరుంటుంది. నిజానికి ఆ జాబితాలే దీనికి చేటు. చూడాల్సిందంతా గోడల లోపలే ఉందని అవి నమ్మిస్తాయి.

తూర్పు స్పెయిన్‌లో, అరగోన్ ప్రాంతపు తెరువెల్ జిల్లాలో, సముద్రమట్టానికి 1,100 మీటర్లకు పైగా ఎత్తున ఉందీ ఊరు. జనాభా వెయ్యికి అటూ ఇటూ. గ్వాదలవియార్ నది దీన్ని మెలి తిరిగి చుట్టేసి పోతుంది. ఆ పేరుకు అరబ్బీలో తెల్ల ఏరు అని అర్థం. ఊరి పేరు బనూ రజీన్ అనే బెర్బర్ వంశానిది. 11వ శతాబ్దంలో వాళ్లకిక్కడ సొంత రాజ్యం ఉండేది. తర్వాతి శతాబ్దంలో నవారా నుంచి వచ్చిన పేద్రో రూయిజ్ దె అసాగ్రా అనే దొర చేతికి చిక్కింది. ఒక పక్క కాస్తీయ, మరో పక్క అరగోన్. రెండు పెద్ద రాజ్యాల నడుమ నలిగిపోకుండా ఆయన మంచి ఎత్తు వేశాడు. తాను మరియమాతకే సామంతుణ్ణి, మరే రాజుకూ కాదన్నాడు. కప్పం కోసం ఆవిడ కబురు పెట్టదు కదా! ఆ ఎత్తు వందేళ్లకు పైగా పారింది. 1284లో అరగోన్ రాజు మూడో పేద్రో ముట్టడితో దానికి తెరపడింది.

ఊరిని మించిన ప్రాకారం ఇక్కడి వింత. ఇళ్లు కిందే ఆగిపోతాయి, గోడ మాత్రం బోడి కొండ మీదికి ఎగబాకి అందాడోర్ అనే బురుజు దాకా వెళ్తుంది. అక్కడి నుంచి చూస్తే ఇళ్లన్నీ ఒకే ముద్దలో పిసికి చేసినట్టుంటాయి. అది దాదాపు నిజమే. కింది అంతస్తు రాయి. పైన కర్ర చట్రాల మధ్య నింపిందీ, పూసిందీ జిప్సం గచ్చు. చుట్టుపక్కల దొరికే జిప్సంలో ఇనుము పాలు ఉంటుంది కాబట్టి ఆ ఎరుపు. 1988లో ఇక్కడ మరమ్మతు పనులు నేర్పే శిక్షణ బడి పెట్టారు. 1996లో సాంత మరియా పేరిట ఒక ఫౌండేషన్ వచ్చింది. ఒకటి బాగుచేసి రిబ్బన్ కత్తిరించి పోయే తరహా కాదు వాళ్లది. కప్పు కారితే ఈ ఏడాదే పెంకు మారుస్తారు, గచ్చు రాలితే ఆ రంగు గచ్చుతోనే అతుకు వేస్తారు. కూలిపోయాక కోట్లు మంజూరు చేసే శాఖలు ప్రపంచమంతటా ఉన్నాయి. కూలకుండా చూసే మేస్త్రీలు కొన్ని ఊళ్లకే దొరుకుతారు.

అయితే గచ్చు నిలబడినంత మాత్రాన ఊరు నిలబడదు. తెరువెల్ జిల్లా విస్తీర్ణం దాదాపు 14,800 చదరపు కిలోమీటర్లు. చదరపు కిలోమీటరుకు తొమ్మిది మంది. 2011 జనాభా లెక్కల్లో తెలంగాణకు ఆ సంఖ్య 312. 1950ల నుంచి రెండు మూడు దశాబ్దాల పాటు ఇక్కడి జనం వలెన్సియాకు, బార్సిలోనాకు, సరగోసాకు మూటాముల్లె సర్దుకుని వెళ్లిపోయారు. తెరువెల్ అంటే తెలుగు చెవికి తెరువు వినిపిస్తుంది గానీ మాద్రిద్ నుంచి అక్కడికి నేరుగా రైలు కూడా లేదు. ‘తెరువెల్ అనేదొకటి ఉంది’ అని గుర్తు చేయడానికే 1999లో ఒక ఉద్యమం పుట్టింది. 2019 మార్చి 31న ఖాళీ అయిన పల్లెల జనం మాద్రిద్ వీధుల్లో కదం తొక్కారు. అదే ఏడాది నవంబరు ఎన్నికల్లో తెరువెల్ ఉద్యమం పార్లమెంటు దిగువ సభలో ఒక సీటు గెలుచుకుంది.

ఇలాంటి చోట బస్సు దిగి బస్సెక్కే లక్ష మంది కన్నా రాత్రికి ఆగే వెయ్యి మంది మేలు. ఆగాలంటే మర్నాడు పొద్దున్న ఏదో పని ఉండాలి. ఇక్కడ ఆ పని నడక.

మొదటి నడక ఏటి గట్టునే. ఇనుప నడవాలు, ఊగే వంతెన దాటుకుంటూ ఊరి కిందుగా చుట్టి రావచ్చు. రెండోది కాస్త దూరం. హేయా అనే పక్క ఊరి వైపు నడిస్తే కొండ పక్కలో మనిషి పట్టేంత సొరంగాలు, వాటికి కిటికీల్లాంటి కంతలు కనిపిస్తాయి. క్రీస్తుశకం తొలి శతాబ్దంలో రోమన్లు తవ్విన కాలువ అది. అల్బరాసిన్ దగ్గర గ్వాదలవియార్ నీళ్లు పట్టి, దాదాపు 25 కిలోమీటర్ల అవతల సేయా దాకా తీసుకెళ్లారు. సేయా ఉన్నది హిలోకా అనే మరో నది లోయలో. పట్టిసీమ నుంచి గోదావరి నీళ్లు కృష్ణకు మళ్లడం చూసిన పాఠకులకు దీన్ని విడమరిచి చెప్పనక్కర్లేదు. మోటార్లు లేవు కాబట్టి వాళ్లు వాలును మాత్రమే నమ్ముకుని, అడ్డొచ్చిన కొండను ఉలితో తొలిచారు. ఆ ఉలి దెబ్బలు చేత్తో తడిమి చూడొచ్చు. మ్యూజియం అద్దం వెనక ఆ వీలు లేదు.

మూడోదే అసలు నడక. ఊరి నుంచి నాలుగైదు కిలోమీటర్లు వెళ్తే రోదెనో అడవి. రోదెనో అంటే అక్కడి వాళ్ల మాటలో ఎర్రటి ఇసుకరాయి. దాని మీద పెరిగే పైన్ జాతి చెట్టుకూ అదే పేరు. బెరడు మీద గాట్లు పెట్టి, కింద ముంతలు కట్టి జిగురు తీసిన గుర్తులు ముసలి మానుల మీద ఇంకా ఉన్నాయి. ఆ బండల నీడలో వేల ఏళ్ల కిందటి వేటగాళ్ల బొమ్మలు: విల్లు పట్టిన మనుషులు, బలిసిన ఆబోతులు. ప్రాదో దెల్ నవాసో అనే చోట ఆబోతులను తెల్ల రంగుతో వేశారు. ఎర్ర బండ మీద ఎర్రమట్టితో గీస్తే ఏం కనబడుతుంది? ఆ చిత్రకారుడికి అది తెలుసు. 1892లోనే వీటి గురించి లోకానికి తెలిసింది, స్పెయిన్‌లోనే ఉన్న అల్తమీరా గుహలోని ఆదిమ బొమ్మలు బూటకమని పండితులు కొట్టిపారేస్తున్న రోజుల్లో. 1998లో మధ్యధరా తీరపు 700కు పైగా బొమ్మల తావులతో పాటు వీటినీ యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

ఆ బండలకు ఇంకో మోజు కూడా పట్టుకుంది. తాళ్లు లేకుండా, కింద పరుపు వేసుకుని బండలెక్కే కుర్రాళ్లకు ఇది యూరప్‌లోనే పేరున్న చోటు. చలికాలంలో సైతం గదులు నిండేది వీళ్ల వల్లే. చేతులకు రాసుకునే తెల్ల పొడి, బండకు పడే రాపిడి, గూళ్లలో పొదిగే పక్షులకు బెడద మాత్రం తప్పవు. అధికారులు అందరినీ తరిమేయలేదు, వదిలేయనూ లేదు. బొమ్మలున్న బండల జోలికి పోవద్దన్నారు, వాటికి కటకటాలు పెట్టారు. పక్షులు పొదిగే కాలంలో కొన్ని చోట్లు మూసేస్తారు. కటకటాల మీద పెదవి విరిచే యాత్రికులున్నారు. బొమ్మ మీద పేరు చెక్కిన ప్రేమికులను చూసిన తెలుగువాళ్లు మాత్రం విరవరు. భూపాలపల్లి దగ్గరి పాండవుల గుట్టలోనూ ఇసుకరాతి బండలు, ఆదిమానవుల బొమ్మలు, తాళ్లు పట్టుకుని ఎక్కే కుర్రాళ్లు ఒకే చోట ఉన్నారు కాబట్టి ఈ సర్దుబాటు ఎలా సాగుతోందో వరంగల్ వైపు వాళ్లు గమనించడం మంచిది.

ఈ దారులన్నిటికీ గుర్తు చెట్టు మీదో రాయి మీదో రెండు రంగు గీతలే. తెలుపు, ఎరుపు ఉంటే దూరపు బాట. తెలుపు, పసుపు ఉంటే ఒకటి రెండు రోజుల బాట. తెలుపు, ఆకుపచ్చ ఉంటే పూటలో తిరిగొచ్చేది. గీతలు ఇంటూ గుర్తులా ఉంటే దారి తప్పినట్టే. వలెన్సియా తీరం నుంచి లిస్బన్ వైపు సాగే జీఆర్-10 అనే దూరపు బాట అల్బరాసిన్ మీదుగానే పోతుంది. దీనికంతా ఖర్చు డబ్బా రంగు, కుంచె, ఏటేటా దారి వెంట తిరిగి వెలిసిన గీతను మళ్లీ దిద్దే మనిషి. కోట్ల రూపాయల రోప్‌వేల ముందు ఇది ఏ మంత్రికీ ఆనదు, ఆ సంగతి వేరు.

కానీ గీత గీయడానికి ముందు దారి ఉండాలి, అది ఎవరి చేలోనూ కలిసిపోకుండా ఉండాలి. స్పెయిన్ పల్లెల అసలు బలం ఇక్కడుంది. 1273లో కాస్తీయ రాజు పదో అల్ఫోన్సో మెస్తా అనే గొర్రెల కాపరుల సంఘానికి రక్షణ ఇచ్చాడు. చలికాలం దక్షిణాదికి, ఎండాకాలం కొండలకు మందలు తోలుకెళ్లే బాటల్లో పెద్దవాటికి కన్యాదా అని పేరు, వెడల్పు సుమారు 75 మీటర్లు. మెస్తా 1836లో రద్దయింది. తర్వాత ఆ బాటలను రోడ్లూ తోటలూ మింగుతూ వచ్చాయి. 1995లో పార్లమెంటు చట్టం చేసి మిగిలినవన్నీ ప్రజల ఆస్తి అంది: అమ్మడానికి లేదు, ఎన్నేళ్లు దున్నుకున్నా సొంతం కాదు. కొలిచి హద్దురాళ్లు పాతమంది. దేశం మొత్తం మీద ఇవి లక్ష కిలోమీటర్లకు పైమాటే. కొలతల పని నత్తనడకన సాగుతోందన్న విమర్శలో నిజముంది. అయినా రాయి పాతిన చోట నాగలి ఆగుతోంది.

కోస్తాలో డొంక, గోదావరి జిల్లాల్లో పుంత, తెలంగాణలో బండ్లబాట. పేర్లకు మనకూ కరువు లేదు. గ్రామ పటంలో రెండు గీతల మధ్య నిక్షేపంగా ఉన్న డొంక, తీరా వెళ్లి చూస్తే గట్టంత కూడా మిగలని ఊళ్లు ఎన్నో. దుక్కికో చాలు చొప్పున రెండు పక్కలా కలుపుకున్నాక మధ్యలో ఇంకేం మిగులుతుంది? ఉమ్మడి భూములు ఖాళీ చేయించమని 2011లో సుప్రీంకోర్టు చెప్పింది. గండికోటకో భువనగిరికో మెట్లు, లైట్లు వేసే ముందు చుట్టుపక్కల పుంతలను కొలిపించి రాళ్లు పాతించే జిల్లా కలెక్టరు ఒక్కరు దొరికినా, నడిచే యాత్రికులకే కాదు, చేలోకి బండి తోలుకోలేక కోర్టుల చుట్టూ తిరిగే రైతుకూ మేలు.

అల్బరాసిన్ పైనున్న కొండల్లో, నది పేరే పెట్టుకున్న గ్వాదలవియార్ అనే చిన్న ఊరుంది. మందల వలస మీద ఒక మ్యూజియం ఉందక్కడ. అదృష్టవశాత్తూ ఆ పని పూర్తిగా మ్యూజియంలోకి చేరలేదు. చలి ముదరకముందే కొన్ని కుటుంబాలు ఇప్పటికీ మందలతో దక్షిణాన హాయెన్ వైపు బయల్దేరతాయి, వారాల తరబడి నడక. 1995 చట్టం ఆ బాటల మీద నడకకు, సైకిలుకు, గుర్రానికి అనుమతి ఇస్తూనే ఒక షరతు రాసింది: దారి ముందు మందది. కాబట్టి వీపున సంచితో, చేతిలో ఖరీదైన ఊతకర్రలతో వచ్చిన యాత్రికులు గంటల చప్పుడు వినిపించగానే పక్కకు తప్పుకుని, చివరి గొర్రె, దాని వెనక కుక్క వెళ్లిపోయే దాకా నిలబడాల్సిందే.