రెండో బ్యాటరీకి వేరు కాపురం పెట్టండి

ఖతర్‌లో చలికాలం మొదలైతే చాలు, మనవాళ్ళకి ఎడారి మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొస్తుంది. గురువారం సాయంత్రం ఆఫీసు అవగానే పికప్పులు, ల్యాండ్ క్రూజర్లు, పజేరోలు సీలైన్ దారి పడతాయి. వెనక పడక, పైన టెంటు, డిక్కీలో చిన్న ఫ్రిజ్. ఫ్రిజ్‌లో మసాలా పట్టించిన కోడి, పెరుగు, పిల్లల పాలు. దీనికంతటికీ కరెంటు కావాలి కాబట్టి ఈమధ్య అందరి నోటా ఒకటే మాట: "రెండో బ్యాటరీ వేయించాం గురూ!"

సంతోషం. కానీ ఎలా వేయించారు? నా తగువంతా అక్కడే.

పోయిన సీజన్లో దోహా ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక గ్యారేజీకి వెళ్ళి ఇదే పని అడిగాను. ఆయన ఒక బ్యాటరీ తెచ్చి, పాత దాని పక్కన పెట్టి, ప్లస్సుకి ప్లస్సు, మైనసుకి మైనసు రెండు వైర్లతో కలిపేస్తానన్నాడు. "అంతేనా?" అంటే "నో ప్రాబ్లమ్ సదీక్, డబుల్ పవర్" అన్నాడు. దణ్ణం పెట్టి వచ్చేశాను. తర్వాత విచారిస్తే, తెలిసినవాళ్ళలో సగం మంది బళ్ళలో ఉన్నది ఆ "డబుల్ పవరే"!

అసలు సంగతి ఏమిటంటే, రెండు బ్యాటరీలని అలా ఎప్పుడూ కలిసే ఉండేలా ముడేస్తే అవి రెండు కావు, ఒకటే పెద్ద బ్యాటరీ. రాత్రంతా ఫ్రిజ్ తాగేది రెండింటిలోంచీ. తెల్లారి రెండూ కలిసి పడుకుంటాయి. పైగా మూడేళ్ళ పాతదాని పక్కన కొత్తది కడితే, పాతది కొత్తదాన్ని కూడా కిందికి లాగుతుంది. ఉమ్మడి కాపురంలో ఒకడి అప్పు అందరి నెత్తినా పడ్డట్టు. డబ్బు పెట్టి కొన్నది ధీమా అనుకుంటాం, నిజానికి కొన్నది అదనంగా ఒక బరువు.

రెండో బ్యాటరీ ఉద్దేశం ఎక్కువ కరెంటు కాదండీ. మొదటి బ్యాటరీని ఎవరూ ముట్టుకోకుండా చూడటం. మన వృత్తిలో ఉన్నవాళ్ళకి చెప్పక్కర్లేదు: ప్రొడక్షన్ డేటాబేస్ మీద నెలాఖరు రిపోర్టులు నడపనిస్తామా? మన ఊళ్ళవాళ్ళకీ ఇది కొత్త కాదు. 1987-88లో ఆదివారం పొద్దున రామాయణం సీరియల్ వచ్చే వేళకి కరెంటు లేకపోతే ట్రాక్టర్ బ్యాటరీ విప్పుకొచ్చి టీవీకి తగిలించేవాళ్ళు. సీరియల్ బ్రహ్మాండంగా నడిచేది. తర్వాత ట్రాక్టరుకి సెల్ఫ్ అందేది కాదు. ఊళ్ళో అయితే నలుగురు కుర్రాళ్ళు వచ్చి తోస్తారు. ఖోర్ అల్ అదైద్ ఇసుకలో ఎవరొస్తారు?

మెసయీద్ దాటి సీలైన్ దగ్గర తారురోడ్డు అయిపోతుంది. అక్కణ్ణించి టైర్లలో గాలి తగ్గించుకుని దిబ్బల మీద పోవడమే. పల్లంలో సబ్ఖా, అంటే పైకి గట్టిగా కనిపించి లోపల బురదగా ఉండే ఉప్పునేల. ఫోన్ సిగ్నల్ అన్నిచోట్లా అందదు. ఆటోమేటిక్ గేర్ల బండి తోస్తే స్టార్టవదు. వెనక సీట్లో చంటిపిల్ల ఉన్నప్పుడు "సెల్ఫ్ అందలేదు" అన్నది చిన్నమాట కాదు.

ఇప్పుడు లెక్క చూద్దాం. చిన్న కంప్రెసర్ ఫ్రిజ్ నడుస్తున్నప్పుడు సుమారు 45 వాట్లు తీసుకుంటుంది. రోజులో సగంసేపు నడిచిందనుకుంటే 540 వాట్-అవర్లు, అంటే 12 వోల్టుల దగ్గర 45 ఆంపియర్-అవర్లు. బండితో వచ్చే బ్యాటరీ ఇందుకు పుట్టలేదు. దాని పలకలు పల్చన. స్టార్టర్‌కి కొన్ని క్షణాలు వందల ఆంపియర్లు ఇవ్వడం దాని పని. మాటిమాటికీ లోతుగా ఖాళీ చేస్తే చచ్చిపోతుంది. మందపు పలకల డీప్ సైకిల్ బ్యాటరీ 100 ఆంపియర్-అవర్లది పెట్టినా సగమే వాడుకోవడం మర్యాద. అది ఒక రోజుకి సరి. అదే సైజు లిథియం ఐరన్ ఫాస్ఫేట్ అయితే 1280 వాట్-అవర్లలో వెయ్యిదాకా నిశ్చింతగా వాడుకోవచ్చు, బరువూ సగం కంటే తక్కువ.

వేరు కాపురం పెట్టడం ఎలాగంటే, పాతకాలం ఆల్టర్నేటర్ ఉన్న బండికి, లెడ్ బ్యాటరీకి అయితే వోల్టేజి చూసి పనిచేసే రిలే చాలు. ఇంజిన్ నడిచి వోల్టేజి పెరిగితే రెండింటినీ కలుపుతుంది, ఇంజిన్ ఆపాక విడదీస్తుంది. కొత్త బళ్ళలో ఆల్టర్నేటర్ వోల్టేజిని కంప్యూటర్ తగ్గిస్తూ పెంచుతూ ఉంటుంది కాబట్టి రిలే తికమక పడుతుంది. లిథియం అయితే నేరుగా కలిపితే విపరీతంగా కరెంటు గుంజి ఆల్టర్నేటర్‌నే వేడెక్కిస్తుంది. ఈ రెండు సందర్భాల్లోనూ డీసీ-డీసీ చార్జర్ పెట్టించాల్సిందే. మధ్య వైరుకి రెండు కొసల్లోనూ, బ్యాటరీలకి దగ్గరగా, ఒక్కో ఫ్యూజు. ఒక్కటి చాలదా అంటారు. కరెంటు రెండు వైపులనుంచీ రాగలదు మరి. ఆ వైరు ఎక్కడైనా ఒరుసుకుని బాడీకి తగిలితే ఫ్యూజు లేని వైపు నుంచి నిప్పు అంటుకుంటుంది.

ఇక రెండోదాన్ని బానెట్ కింద పెట్టకండి. ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగితే లెడ్ బ్యాటరీ ఆయుష్షు దాదాపు సగమవుతుందని ఒక మోటు లెక్క ఉంది. జులైలో ఇక్కడ నీడలోనే 45 దాకా పోతుంది, ఇంజిన్ పక్కన ఇంకెంతో ఊహించుకోండి. ఏజీఎం గానీ లిథియం గానీ తీసుకుని వెనక, గాలాడేచోట బిగించండి. నీళ్ళు పోసే రకాన్ని మాత్రం పడుకునేచోట పెట్టొద్దు, చార్జవుతూ హైడ్రోజన్ వదులుతుంది.

"ఫ్రిజ్‌కి కటాఫ్ ఉందిగా" అంటారు కొందరు. ఉంది, మంచిదే. కానీ అది ఫ్రిజ్‌ని మాత్రమే ఆపుతుంది, లైట్లనీ ఇన్వర్టర్‌నీ కాదు. పైగా ముసలి బ్యాటరీ 12 పైన వోల్టులు చూపిస్తూనే సెల్ఫ్ కొట్టగానే కూలబడుతుంది. "జంప్ కేబుళ్ళున్నాయి" అంటారు ఇంకొందరు. రెండో బండి కూడా ఉంటే భేషుగ్గా పనికొస్తాయి. అసలు అదైద్‌కి ఒంటరి బండితో వెళ్ళడమే తప్పు.

ఇవన్నీ ఒక ఎత్తు. "ఎందుకొచ్చిన గొడవ, ఇంజిన్ ఆన్‌లో పెట్టి ఏసీ వేసుకుని పడుకుంటే సరి" అనే మహానుభావులు ఒక ఎత్తు. వీళ్ళతో నాకు సరదా లేదు. కార్బన్ మోనాక్సైడ్‌కి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హీమోగ్లోబిన్‌కి ఆక్సిజన్ కంటే రెండు వందల రెట్లకు పైగా గట్టిగా అతుక్కుంటుంది. పొగగొట్టం ఇసుకలో కూరుకున్నా, గాలి తిరిగి టెంటులోకి కొట్టినా, నిద్రలో ఉన్నవాడు లేవడు. 500 వాట్ల చిన్న ఏసీకి ఎనిమిది గంటలకి 4000 వాట్-అవర్లు కావాలి, అంటే పైన చెప్పిన లిథియం బ్యాటరీలు నాలుగు. కాబట్టి ఏసీ ఆశ వదలండి. చలికాలం రాత్రి ఎడారిలో కావాల్సింది దుప్పటి.

ఇది వారాంతం షికార్లకి వెళ్ళే మనకి మాత్రమే సంబంధించిన విషయం కాదు. అరబ్బుల ఇళ్ళలో పనిచేసే మన కడప, గోదావరి జిల్లాల డ్రైవర్లు, వంటవాళ్ళు యజమానులతోపాటు ఈ శిబిరాలకి వస్తారు. రాత్రి జనరేటరు పక్కనో, నడుస్తున్న బండిలోనో నడుం వాల్చేది వాళ్ళే. చుట్టాల్లో అలాంటివాళ్ళుంటే ఒక్క ఫోన్ చేసి చెప్పండి: "జనరేటరుకి దూరంగా పడుకో నాయనా, ఇంజిన్ ఆపు." చదువుకున్నవాళ్ళం మనమే గాలికి వదిలేస్తే వాళ్ళకెవరు చెబుతారు?

ఇప్పటికే వేయించుకున్నవాళ్ళకి ఒక చిన్న పరీక్ష. ఇంజిన్ ఆపి, ఫ్రిజ్ వేసి, గంట తర్వాత మల్టీమీటరుతో రెండు బ్యాటరీల వోల్టేజీ చూడండి. వేరువేరుగా ఉంటే బండి తెల్లారి లేస్తుంది. పాయింటు తర్వాత అంకెలతో సహా రెండూ ఒకటే చూపిస్తే ముడి ఇంకా విడలేదేమో అని అనుమానించండి. ఆ గ్యారేజీకే వెళ్ళి అడగండి: "రాత్రంతా ఫ్రిజ్ నడిస్తే ఏ బ్యాటరీ దిగుతుంది?"

"రెండూ" అన్నాడా, ఆ బండిలో పిల్లల్ని ఎక్కించకండి.