వేగం వెనక ట్రిప్పు లెక్క

కొవ్వూరు నుంచి తాళ్లపూడి, గూటాల మీదుగా పట్టిసీమ, పోలవరం వెళ్లే రోడ్డు చాలా దూరం గోదావరిని అంటిపెట్టుకునే సాగుతుంది. ఒక పక్క ఏరు, ఇంకో పక్క గట్టు దిగువన ఇళ్లూ పొలాలూ. పట్టిసీమ వీరభద్రస్వామి దర్శనానికి వచ్చేవాళ్లు ఈ రోడ్డు మీదే బండి దిగి, పడవ ఎక్కడానికి రేవుకు నడుస్తారు. ఇసుక లారీలకూ పోలవరం ప్రాజెక్టు పనుల టిప్పర్లకూ దారి ఇదే. బడిపిల్లల సైకిళ్లకూ ఇదే.

ఇలాంటి రోడ్ల మీద గరిష్ఠ వేగాలను కేంద్రం 2018 ఏప్రిల్‌లో ఖరారు చేసింది. కార్లకు గంటకు 70 కిలోమీటర్లు, సరుకు వాహనాలకూ మోటారు సైకిళ్లకూ 60, ఆటోలకు 50. ఊళ్ల దగ్గర ఇంతకన్నా తగ్గించే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికి ఉంది. 60 మీద వెళ్లే బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతుంది. డ్రైవరు కాలు బ్రేకు మీద పడేలోపే పాతిక మీటర్లు దాటిపోవచ్చు. వేగం రెట్టింపైతే, బ్రేకు పడ్డాక ఆగడానికి పట్టే దూరం నాలుగు రెట్లవుతుంది. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోతే, వారిలో 71 శాతం మరణాలు అతివేగం ఖాతాలోనివే. ఏటి పక్క రోడ్ల మీద అదుపు తప్పిన బండికి మళ్లీ సర్దుకునే చోటుండదు. 2015 జూన్‌లో ధవళేశ్వరం బ్యారేజీ పైనుంచి తుఫాన్ వాహనం కింద పడి 22 మంది ప్రాణాలు పోయాయి.

అతివేగానికి పడే శిక్ష మోటారు వాహనాల చట్టం 183వ సెక్షన్‌లో ఉంది. 2019 సవరణ తర్వాత తేలికపాటి వాహనానికి జరిమానా వెయ్యి నుంచి రెండు వేల రూపాయలు, భారీ వాహనానికి రెండు వేల నుంచి నాలుగు వేలు. రెండోసారి దొరికితే లైసెన్సు స్వాధీనం చేసుకోవచ్చు. కెమెరా ద్వారా చలానా వేసినప్పుడు నంబరు ప్లేటు కనిపించే ఫొటో, పరికరం నమోదు చేసిన వేగం, తేదీ, సమయం, చోటు చూపాలి. నోటీసు 15 రోజుల్లో పంపాలని 2021 నాటి కేంద్ర నిబంధన చెబుతోంది. ఇవి లేని చలానాను కోర్టులో ప్రశ్నించవచ్చు. కొలిచే పరికరం లేకుండా ఒక్క సాక్షి అంచనా మీద ఎవరినీ దోషిగా తేల్చకూడదని చట్టమే అంటోంది.

చిక్కంతా చలానా చేరే చోటులో ఉంది. అది బండి ఓనరు పేరున వస్తుంది. నడిపిందెవరో చెప్పే బాధ్యత 133వ సెక్షన్ ఆయన మీదే పెట్టింది. ఇసుక, మట్టి రవాణాలో మాత్రం ఆ సొమ్ము డ్రైవరు బత్తాలోంచి కోతపడితే అడిగేవాడు లేడు. ట్రిప్పుకింత అని కూలి కట్టే పనిలో పోయిన డబ్బు రాబట్టుకోవడానికి అతనికి మిగిలే దారి ఇంకో ట్రిప్పు. జరిమానా వేగాన్ని తగ్గించాల్సింది పోయి పెంచుతుంది. పాతిక కిలోమీటర్ల దూరానికి 40కి బదులు 60 మీద తోలితే కలిసొచ్చేది పన్నెండు నిమిషాలు. రోజంతా కూడితే అది ఒకటో రెండో ట్రిప్పుల కిరాయి. ఎదురొచ్చే బైకు గట్టు అంచుకు జరగాల్సి రావడం ఆ పన్నెండు నిమిషాల కోసమే.

ఈ లెక్కను చట్టం ఎప్పుడో పట్టుకుంది. అదే 183వ సెక్షన్‌లోని నాలుగో ఉపసెక్షన్ ప్రకారం, వేగపరిమితి దాటితే తప్ప సాధ్యం కాని సమయంలో ప్రయాణం ముగించమని ఎవరైనా ఆదేశిస్తే, ఆ ఆదేశమే వారు నేరం చేశారనడానికి ప్రాథమిక సాక్ష్యం. ఉద్యోగితో అతివేగంగా నడిపించిన యజమానికీ శిక్ష ఉంది. రోడ్డు పక్క స్పీడ్ గన్‌కు ఆ ఆదేశం కనిపించదు. ఇసుక ర్యాంపు దగ్గరి లోడింగ్ సమయం, అన్‌లోడింగ్ సమయం, రోజుకు వేసిన ట్రిప్పులు పక్కపక్కన పెట్టి చూస్తే కనిపిస్తుంది. ఆ చిట్టాలు అడగాల్సింది పోలీసులు, రవాణా అధికారులే. అడగనంత కాలం భారమంతా స్టీరింగ్ పట్టుకున్నవాడిదే.

ఇంతకన్నా సులువైన పని ఇంకొకటుంది. టిప్పర్లలో 60 దాటనివ్వని స్పీడ్ గవర్నర్ ఉండాలని కేంద్ర నిబంధనలు చెబుతున్నాయి. ఫిట్‌నెస్ పరీక్షలో ఉన్న పరికరం ర్యాంపు దగ్గరా పనిచేస్తోందో లేదో బ్రేక్ ఇన్‌స్పెక్టరు అక్కడికే వెళ్లి చూస్తే తేలిపోతుంది.

వేగం ఒక్కటే కాదు, మలుపులో ఓవర్‌టేక్ చేయడం, ఫోను చేత్తో పట్టుకుని నడపడం వంటివి 184వ సెక్షన్ కింద ప్రమాదకర డ్రైవింగ్. మొదటిసారికే ఆరు నెలల నుంచి ఏడాది జైలు గానీ, ఐదు వేల దాకా జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు. నిర్లక్ష్యంగా నడిపి ప్రాణం తీస్తే భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ కింద ఐదేళ్ల దాకా శిక్ష. అలాంటి బండి వెనక పడితే బైకు మీదివాళ్లు పోటీకి పోకుండా దారివ్వడం, వెనక కూర్చున్నవాళ్లు నంబరు, చోటు, సమయం గుర్తుపెట్టుకుని 112కు చెప్పడం మేలు.

శివరాత్రికి పట్టిసీమ రేవు దగ్గర కాలు పెట్టే సందుండదు. ఫలానా రకం బండ్లను ఫలానా రోడ్డు మీద కొన్నాళ్లు ఆపే అధికారం 115వ సెక్షన్ ఇచ్చింది. పండగ రోజుల్లో టిప్పర్లను ఆపడానికీ, మిగతా రోజుల్లో రేవు, బడుల దగ్గర 30 బోర్డు పెట్టడానికీ కొత్త చట్టం అక్కర్లేదు. గోదావరి పుష్కరాలు 2027లో వస్తున్నాయి. ఈ బోర్డులు, తనిఖీలు వాటికి ముందే మొదలు కావాలి.