విన్నది విన్నట్లు

చరిత్ర యనగానే రాజుల పేర్లును, యుద్ధములు జరిగిన సంవత్సరములును జ్ఞప్తికి వచ్చును. శాసనము చెక్కించిన రాజు పేరు రాతిపై నిలిచియున్నది. ఆ రాతిని మోసినవాని పేరు ఎచ్చటను లేదు. పన్నుల లెక్క కరణము కవిలెలో నున్నది. ఆ పన్ను చెల్లించుటకు రైతు పడిన పాట్లు ఆ కవిలెలో కానరావు. ఈ లోపమును గుర్తించిన సురవరము ప్రతాపరెడ్డిగారు 1949లో ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ను ప్రకటించి, సామాన్యుల తిండియు, బట్టయు, ఆటపాటలును చరిత్రయే యని నిరూపించిరి. ఆయన ప్రాచీన కావ్యములనుండి ఆధారములు పెక్కింటిని గ్రహించిరి. కాని కావ్యములకు ఎక్కని జీవితములు లెక్కకు మిక్కిలిగా నున్నవి. అవి వృద్ధుల జ్ఞాపకములలో మాత్రమే నిలిచియుండి, వారితోడనే అంతరించుచున్నవి.

అట్టి జ్ఞాపకములను వారి నోటనే చెప్పించి, ధ్వనిముద్రణ చేసి భద్రపరచుటకు మౌఖిక చరిత్ర యని పేరు. పెద్దలు చెప్పిన వృత్తాంతములను సేకరించుట తెలుగువారికి క్రొత్త కాదు. పందొమ్మిదవ శతాబ్ది తొలినాళ్లలో కల్నల్ కాలిన్ మెకంజీ కొలువులో నున్న కావలి సోదరులు మొదలగువారు గ్రామ వృత్తాంతములను సేకరించిరి. అవియే నేడు కైఫీయతులని ప్రసిద్ధి చెందినవి. అయితే, ఆనాడు మాటను పట్టి యుంచు యంత్రము లేదు. యంత్రము వచ్చిన పిమ్మట, 1948లో అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయమున అలన్ నెవిన్స్ అను చరిత్రకారుడు ఈ పనిని ఒక శాస్త్రముగా ఆరంభించెను. తెలుగునాట స్త్రీశక్తి సంఘటనవారు తెలంగాణ సాయుధ పోరాటములో పాల్గొన్న స్త్రీలను కలిసికొని, వారి అనుభవములను 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’ యను గ్రంథముగా ప్రకటించిరి. అంతవరకు ఆ పోరాటచరిత్రలో వారి కంఠములు వినబడినది స్వల్పము.

ఇట్టి గ్రంథములు వెలువడినపుడు చెప్పినవారిని లోకము కొనియాడును. అడిగినవారిని కూడ మెచ్చుకొనును. ఆ ఇరువురకును నడుమ కూర్చుండి, గంటలకొలది విని, వ్రాసి, పరిష్కరించి, విషయసూచిక కూర్చినవానిని ఎవరును తలపరు. తరచుగా ఆ పని ఒక విద్యార్థికి అప్పగింపబడును. అది గుమాస్తా పని యని పెక్కుమంది తలంపు. ఆ తలంపు సరికాదు. చెప్పినవారి మాట భావితరములకు చెప్పినట్లే చేరుటయో, మారిపోయి చేరుటయో ఆ చేతిలోనే యున్నది.

1977 నవంబరు 19వ తేదీన కృష్ణాజిల్లాలోని దివిసీమపై పెనుతుఫాను విరుచుకొనిపడినది. సముద్రము పొంగి తీరగ్రామములను ముంచెత్తినది. సుమారు 10,000 మంది ప్రాణములు కోల్పోయిరి. సొర్లగొంది వంటి గ్రామములు ఊళ్లకు ఊళ్లే తుడిచిపెట్టుకొనిపోయినవి. ఆనాటి యువకులు నేడు వృద్ధులు. అట్టివారు కొందరు చెప్పిన సంగతుల ధ్వనిముద్రణలు ఒక కళాశాల విద్యార్థినికి అప్పగింపబడినవి. వానిని కాగితముపై పెట్టి, సూచిక తయారుచేయుట ఆమె పని. ఒక గంట సంభాషణను వ్రాయుటకు అయిదారు గంటలకు తక్కువ పట్టదని ఆమెకు మొదటి దినముననే తెలిసెను.

అందులో ఒక వృద్ధురాలి మాటలున్నవి. ఇంటిచూరు పట్టుకొని రాత్రి గడపిన విధమును చెప్పుచు ఆమె, “మా పెద్దోడి చెయ్యి జారిపోయింది” అని ఆగెను. తరువాత కొంతసేపు మాట లేదు. ఎక్కడనో ఒక కోడి కూసిన చప్పుడు మాత్రము వినబడును. పిమ్మట ఆమె మరునాటి యుదయమున త్రాగుటకు మంచినీరు దొరకని సంగతి యెత్తుకొనెను.

విద్యార్థిని శ్రద్ధతోనే పని చేసెను. ఆ వాక్యమును ‘నా జ్యేష్ఠకుమారుని హస్తము జారిపోయినది’ అని దిద్దెను. మాటలేని భాగము నిష్ప్రయోజనమని తలచి కత్తిరించెను. సూచికలో ‘కుమారుని మరణము’ అని చేర్చెను. పనిని పరీక్షించిన అధ్యాపకుడు ఆమెను మందలింపలేదు. మూల ధ్వనిముద్రణను మరల వినిపించి, కుమారుడు మరణించెనని ఆ తల్లి ఎచ్చట చెప్పినదో చూపుమని మాత్రము అడిగెను. ఆమె మొదటినుండి తుదివరకు వినెను. ఆ మాట ఎచ్చటను లేదు. ఇన్ని సంవత్సరములైనను ఆ తల్లి ఆ మాటను పలుకలేదు. పలుకలేకపోవుటయే ఆమె చెప్పిన చరిత్ర. దానిని విద్యార్థిని ఒక్క కలము పోటుతో తుడిచివేసినది. నాటి సాయంకాలము ఆమె ‘పెద్దోడి చెయ్యి’ని తిరిగి వ్రాసెను, మౌనమును యథాస్థానమున నిలిపి, అది ఎన్ని క్షణములో గుర్తించెను, సూచికలో ‘పెద్దకుమారుడు – చేయి జారుట’ అని మార్చెను.

మాండలికమును ఉన్నదున్నట్లు అచ్చువేసినచో చెప్పినవారు నవ్వులపాలగుదురని కొందరందురు. ఈ వాదము దయనుండి పుట్టినదే యైనను, దానిలో ఒక చిన్నచూపు దాగియున్నది. ఆ మాట ఆ నోట సిగ్గులేకుండ వచ్చినపుడు కాగితముపై దానికి సిగ్గెందులకు? కేవలము ‘ఆఁ’, ‘ఊఁ’ వంటి తడబాటులను అచ్చుప్రతిలో విడువవచ్చును. విడిచితిమని చెప్పి, మూలమును భద్రపరచిన చాలును. అట్లని వ్రాయువాడు తనకు తోచిన యాసను చెప్పినవారి నోట పెట్టరాదు. అమెరికాలో 1936 మొదలు 1938 వరకు పూర్వము బానిసలుగా నుండిన 2,300 మందికి పైగా వృద్ధుల కథనములను ప్రభుత్వము వ్రాయించెను. అందు పెక్కింటిలో వ్రాసినవారు యాసను తమ యూహ ననుసరించి మలచిరి. అందుచేత ఏ పలుకు వృద్ధునిదో, ఏ పలుకు వ్రాయసగానిదో తెలియక పండితులు నేటికిని చిక్కు పడుచున్నారు.

జ్ఞాపకము నమ్మదగినది కాదనునది మరియొక ఆక్షేపణ. ఇందు కొంత నిజము లేకపోలేదు. దివిసీమ వృద్ధులలో ఒకడు ఉప్పెన దీపావళినాడు వచ్చినదని చెప్పెను. నిజమునకు ఆ యేడు దీపావళి వెళ్లి వారము దాటిన తరువాతనే ఉప్పెన వచ్చినది. అట్టిచోట పరిష్కర్త కర్తవ్యమేమి? మాటను దిద్దరాదు, తప్పును మరుగుపరచనురాదు. చెప్పినది చెప్పినట్లుంచి, సరియైన తేదీని తన మాటగా ప్రక్కన వేరుగా వ్రాయవలెను.

తప్పుకూడ ఒక్కొక్కప్పుడు సాక్ష్యమగును. ఇటలీలోని తెర్ని పట్టణమున 1949 మార్చి 17న లుయీజి త్రస్తుల్లి అను ఉక్కుకర్మాగారపు యువకార్మికుడు పోలీసులతో జరిగిన ఘర్షణలో మరణించెను. కార్మికులు ఆ దినము ఉత్తర అట్లాంటిక్ సంధికి వ్యతిరేకముగా బయలుదేరియుండిరి. కాని చాల ఏండ్ల తరువాత అలెస్సాండ్రో పోర్తెల్లి అను పండితుడు విచారింపగా, పెక్కుమంది కార్మికులు ఆ మరణము 1953లో, పనులనుండి తొలగించుటకు వ్యతిరేకముగా జరిగిన పోరాటములో సంభవించెనని చెప్పిరి. తమవాని ప్రాణము తమ జీవనోపాధికై జరిగిన పెద్ద పోరులో పోయినదని తలచినగాని వారి మనస్సు ఊరట చెందలేదు. ఏ గుమాస్తాయో ఆ తేదీని ముందే దిద్దియుండినచో ఈ సత్యము ఎవరికిని తెలియకపోయెడిది.

ఇక సూచిక సంగతి. సూచికలేని ధ్వనిముద్రణ తాళము పోయిన పెట్టెవంటిది. వంద గంటల మాటలలో తనకు కావలసిన మాట యెచ్చటనున్నదో ఎవడు వెదుకగలడు? ఒకరు ‘ఉప్పెన’ యందురు, ఒకరు ‘తుఫాను’ అందురు, మరియొకరు ‘గాలివాన’ యందురు. వీనినన్నిటిని పరస్పరము చూపుచు, ఎన్నవ నిమిషమున ఏ సంగతి వచ్చినదో గుర్తింపవలెను. అమెరికాలోని కెంటకీ విశ్వవిద్యాలయమువారు కల్పించిన కంప్యూటరు పద్ధతిలో సూచికలోని అంశమును ఎన్నుకొనినంతనే ఆ చోటనున్న కంఠధ్వనియే వినవచ్చును. ఎంత యంత్రమున్నను శీర్షికలు ఎన్నుకొనవలసినది మనుష్యుడే. సహాయ సంఘములు, అధికారుల రాకపోకలు మాత్రమే సూచిక కెక్కి, మంచినీటికై తిరిగిన స్త్రీలు ఎక్కకపోయినచో వారు రెండవసారి మరుగున పడినట్లే.

ఎక్కింపకూడనివియు కొన్ని యుండును. ఒక వృద్ధుడు ఉప్పెన మరునాడు తన పొరుగువాడు చేసిన యొక తప్పును చెప్పి, తన జీవితకాలమున దానిని ఎవరికిని వినిపింపవలదని కోరెను. విద్యార్థిని ఆ భాగమును విడిగా భద్రపరచి, పొరుగువాని పేరును సూచికలో చేర్చలేదు. నమ్మి చెప్పినవాని నమ్మకమును కాపాడుటయు చరిత్రధర్మమే.

ఈ పనికి గొప్ప పాండిత్యము అవసరము లేదు. ఓర్పు, వినయము కావలెను. తనకు తెలిసినదానిని పక్కకు పెట్టి, ఎదుటివారు చెప్పినదానిని వినగల చెవి కావలెను. ఎనిమిదవ తరగతి చదువు బాలబాలికలకును ఇది అలవడదగిన విద్యయే. ప్రతి యింటను ఒక తాతయో, అమ్మమ్మయో ఉందురు. వారు చూచిన కరవు, వలస, మొదటిసారి ఊరికి వచ్చిన కరెంటు దీపము, నాటు వేయునప్పటి పాట – ఇవన్నియు వారి వద్దనే యున్నవి. వారి యనుమతితో ఆ మాటలను రికార్డు చేసి, చెప్పినవారి పేరు, ఊరు, తేదీ వ్రాసి, ఏ సంగతి ఎచ్చటనున్నదో ఒక చిన్న సూచిక కూర్చినచో ఆ కుటుంబమునకు అదియే కైఫీయతు. వ్రాయునపుడు పిల్లలు తమ పుస్తకపు భాషను కాసేపు మరచి, అమ్మమ్మ మాటను అమ్మమ్మ మాటగానే ఉండనిత్తురు గాక.