మాట వెనక కథ, కథ వెనక చీటీ

కుండపోత వానను ఇంగ్లీషువాళ్లు 'రెయినింగ్ క్యాట్స్ అండ్ డాగ్స్' అంటారు. పిల్లులూ కుక్కలూ ఎందుకు కురుస్తాయని అడిగితే ఒక కథ వినిపిస్తుంది: వెనకటి ఇంగ్లండులో ఇంటి గడ్డికప్పులో పడుకున్న జంతువులు వాన పడితే జారి కింద పడేవట. 1999లో ఈమెయిళ్లలో ఊరేగిన ఒక రచన ఈ కథను 1500ల నాటి ముచ్చటగా ప్రపంచమంతా తిప్పింది. వినడానికి బాగుంటుంది, నమ్మడానికే ఆధారం లేదు. ఈ మాటకు దగ్గరి రూపాలు దొరికేది 1650ల ప్రాంతంలో. 1653లో అచ్చయిన రిచర్డ్ బ్రోమ్ నాటకంలో కుక్కలతో పాటు కురిసేది పోల్‌క్యాట్ అనే ముంగిసలాంటి జంతువు. ఇప్పటి రూపం 1738లో జొనాథన్ స్విఫ్ట్ రాతలో ఉంది. అసలు పుట్టుక ఇంకా తేలలేదని నిఘంటుకారులే ఒప్పుకుంటారు. ఆ నిజాయితీ అంటే నాకు గౌరవం.

'టేకెన్ అబ్యాక్' కథ మాత్రం నిలబడింది. గాలి ఉన్నట్టుండి ఎదురు తిరిగి తెరచాపలను కొయ్యకేసి అదిమితే ఓడ ముందుకు సాగేది కాదు. నివ్వెరపోయిన మనిషికి ఆ మాట తర్వాత అతికింది. నావికుల రాతల్లోనే అది ముందు కనిపిస్తుంది కాబట్టి ఇక్కడ అనుమానం లేదు.

ఏది కథో, ఏది నిజమో తేల్చినవి చీటీలు. ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు సంపాదకుడు జేమ్స్ మర్రే 1879లో ఇంగ్లీషు చదివేవాళ్లందరికీ విజ్ఞప్తి చేశాడు. చదువుతున్న పుస్తకంలో మాట తగిలితే ఆ వాక్యం, రచయిత, ఏడాది, పేజీ చీటీ మీద రాసి పంపమన్నాడు. చీటీలు లక్షల్లో వచ్చాయి. 1928లో పని ముగిసేనాటికి మర్రే లేడు, 1915లోనే పోయాడు.

మన దగ్గరా గట్టి పని జరిగింది. కెప్టెన్ కార్ 1868లో తెలుగు సామెతలు అచ్చు వేయించాడు. భద్రిరాజు కృష్ణమూర్తిగారి మాండలిక వృత్తి పదకోశం 1962లో వ్యవసాయంతో మొదలై 1971లో చేనేతకు వచ్చింది. నుడికారాలకూ అర్థం పక్కన తేదీలు కావాలని నా కోరిక.

'అక్షరం పొల్లు పోకుండా చెప్పాడు' అంటాం. ఈ పొల్లు కళ్లంలో తూర్పారబడితే ఎగిరిపోయే తాలుగింజా, నకారపొల్లులో ఉన్న పొల్లా? రెండు కథలూ అతుకుతాయి. ఏ కవి, ఏ శతాబ్దంలో, ఏ వాక్యంలో వాడాడో వరసగా పేర్చి చూస్తేనే తగవు తీరే దారి కనబడుతుంది. 'కాడి పారేశాడు' అనడంలో ఇంత చిక్కు లేదు, కానీ కాడి ఎత్తిన చేతులు తగ్గిపోతున్నాయి.

తెలుగు శాఖ ఉన్న ప్రతి కళాశాలా విద్యార్థికి ఒక్కో పాత పుస్తకం అప్పగించి, నుడికారం తగిలిన చోటల్లా చీటీ రాయించవచ్చు. పుస్తకానికెక్కని మాటైతే చెప్పిన మనిషి వయసు, ఊరు, వృత్తి రాయాలి. అన్నవాళ్లు అన్న వాక్యాన్ని దిద్దకుండా ఉన్నదున్నట్టు రాయాలి.