వెల్డరుకు జర్మన్ పాఠం

శ్రీకాకుళం జిల్లా ఉద్దానానికి వలస కొత్త కాదు. ముత్తాతల కాలంలో రంగూన్ ఓడలెక్కారు. ఇప్పటి కుర్రాళ్లు వెల్డర్లుగా, ఫిట్టర్లుగా, రిగ్గర్లుగా గల్ఫ్‌కు, సింగపూర్‌కు వెళుతున్నారు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను కొబ్బరి, జీడి తోటలను కూల్చేశాక ఊళ్లో ఉండే ధైర్యం ఇంకా సడలింది.

గల్ఫ్‌లో ఎన్నేళ్లు చెమటోడ్చినా ఒప్పందం ముగిస్తే ఇంటికి రావలసిందే. అందుకే చదువుకని కెనడా లాంటి దేశాలకు వెళ్లి అక్కడే స్థిరపడాలన్న ఆశ పలాస, టెక్కలి ఇళ్లలోనూ పుడుతోంది. న్యాయమైన ఆశే. కానీ జీడితోట తాకట్టు పెట్టే ముందు తెలుసుకోవాలి: విద్యార్థి వీసా శాశ్వత నివాసానికి హామీ కాదు. కెనడా 2024 జనవరిలో విద్యార్థి పర్మిట్లకు పరిమితి పెట్టింది. జీవన ఖర్చులకు చూపాల్సిన సొమ్మును అదే నెలలో 10,000 కెనడా డాలర్ల నుంచి 20,635కు పెంచింది.

మన పిల్లలకు జర్మనీ ‘ఔస్‌బిల్డుంగ్’ ఇంతకన్నా తగిన దారి. సాధారణంగా రెండు నుంచి మూడున్నరేళ్ల వృత్తి శిక్షణ. కంపెనీలో పని నేర్పుతూ నెలనెలా భృతి ఇస్తారు. ఆ తర్వాత అదే అర్హతతో రెండేళ్లు ఉద్యోగం చేసి, మిగతా షరతులు తీరిస్తే స్థిర నివాసానికి దరఖాస్తు చేయొచ్చు. భారతీయ నిపుణులకిచ్చే వీసాలను ఏటా 20,000 నుంచి 90,000కు పెంచుతామని 2024లో ఆ దేశం ప్రకటించింది.

అసలు అడ్డంకి భాష. మామూలుగా బీ1 స్థాయి జర్మన్ రావాలి. అందుకోసం వజ్రపుకొత్తూరు కుర్రాడు విశాఖలో గది అద్దెకు తీసుకోవాలా? ఐటీఐలలోనే సాయంత్రం తరగతులు పెట్టాలి. విదేశీ ఉద్యోగాలకు దారి చూపే రాష్ట్ర ప్రభుత్వ సంస్థ ఓంక్యాప్ ఆ పనిని పలాస నుంచే మొదలుపెట్టాలి.