బిడ్డ ప్రక్కన నెవరు?

ఈ వేసవిలో తిరుమలకు పోయి, వైకుంఠం క్యూ కాంప్లెక్సులోని యొక కంపార్టుమెంటులో దర్శనమునకై నిరీక్షించుచుండగా, గోడమీది టెలివిజనులో శ్రీ వేంకటేశ్వర భక్తి ఛానలువారు స్వామివారి కల్యాణోత్సవమును చూపుచుండిరి. విదేశమున పుట్టి పెరిగి, ఇంట తెరముందు కూర్చున్నచో పిలిచినను పలుకని మా మనుమడు, ప్రక్కనున్న పుత్తూరు అవ్వ నొకతెను పట్టుకొని ప్రశ్నపై ప్రశ్న వేయసాగెను. "అదో చూడు నాయనా, ఇప్పుడు తలంబ్రాలు పోస్తారు" అని ఆమె విసుగులేక చెప్పుచుండెను. ఇంతలో పాలు పంచువారు రాగా, ఆమె తన గ్లాసును వెనుకనున్న బాలింత కందించుట చూచి, వాడును తన గ్లాసు తెచ్చి ఆ అవ్వ చేతిలో పెట్టెను. ఆ పాలగ్లాసే నాచేత నీ సంపాదకీయము వ్రాయించుచున్నది.

పెద్దలు రబ్బరుబొమ్మను కొట్టుట చూచిన పసిపిల్లలు తామును అట్లే కొట్టుదురని 1961లో స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమున మనస్తత్వశాస్త్రవేత్త ఆల్బర్ట్ బండూరా నిరూపించెను. చలనచిత్రములో చూచినను ఫలమట్లే యుండునని రెండేండ్లకు తేల్చెను. నన్ను మిక్కిలి కలతపెట్టినది ఆయన 1965నాటి ప్రయోగము. కొట్టినవాడు దండన పొందుట చూచిన పిల్లలు తక్కువగా అనుకరించిరి గాని, బహుమాన మిత్తుమనగానే వారును చూచినదానిని చేసి చూపిరి. దండన చేతిని ఆపినదే కాని, కంటబడినదానిని మనసునుండి తుడిచివేయలేదు.

చిత్తూరు సీమలో ధర్మరాజుల గుళ్ళయొద్ద జరుగు భారత ఉత్సవములలో హింసకు కొదువలేదు. పగలు హరిదాసు విప్పి చెప్పిన కథనే రాత్రి వీథినాటకముగా ఆడుదురు. నేలపై మట్టితో తీర్చిన దుర్యోధనుని భారీ విగ్రహముకడ భీమవేషధారి గద యెత్తునప్పుడు, చంకబిడ్డ మొదలు పండుముదుసలివరకు ఊరంతయు అచటనే నిలిచియుండును. ద్రౌపది కురులు ముడుచుటయు, భక్తులు అగ్నిగుండము త్రొక్కుటయు కన్నులార చూచిన పిల్లవాడు, దుర్యోధనుడు చేసిన తప్పేమని తాతను అడుగుచు ఇల్లు చేరును. 1987లో దూరదర్శన్‌లో రామానంద్ సాగర్ రామాయణము వచ్చిన ఆదివారములందును, టెలివిజనున్న యింటికి వీథి వీథియే తరలివచ్చెడిది. నాడు తెర యొంటరిది కాదు.

నేడో, పసివారిచేత పెద్దల శృంగారనృత్యములు ఆడించు రియాలిటీ కార్యక్రమములను గూర్చి 2019 జూనులో కేంద్ర సమాచార, ప్రసార మంత్రిత్వశాఖ ఛానళ్ళకు సూచన పంపవలసివచ్చెను. అది మంచిపనియే; కాని ఏ ప్రభుత్వపు ఉత్తరువును మన బిడ్డ ప్రక్కన వచ్చి కూర్చుండదు. ప్రవాసమున, ఉద్యోగముల అలసటచేత, పిల్లలకు నాలుగు తెలుగు ముక్కలైనను వచ్చునన్న ఆశచేత, సీరియలు పెట్టి మనము వంటయింటికి పోవుచున్నాము. తెలుగు వచ్చుచున్నది, దానితోపాటు అత్తాకోడండ్ర కుట్రలును, పెడసరపు మాటలును వచ్చుచున్నవి. నేనును ఇట్లే చేసితిని; అందులకు నేటికిని బాధపడుచున్నాను.

ఇల్లు చేరిన మొదటి శనివారమున మా మనుమడు టెలివిజను పెట్టి, సోఫాలో తన ప్రక్కన చోటు విడిచి, "తాతయ్యా, రా" అని పిలిచెను. సగము దిద్దిన ఈ సంచిక ప్రూఫులను బల్లమీదనే విడిచి వెళ్ళితిని.